మా అత్త వెన్న ఏ రకం

ఆ వేసవిలో మా కొట్టుకు ఎదురుగా, దారికి అవతలి పక్క, ఒక యాంకీ కొత్త కొట్టు పెట్టాడు. పేరు ఓరిన్ పెక్. సరస్సు దాటి అవతల అమెరికా నుంచి వచ్చాడు. కోత చెక్కలతో కట్టి తెల్ల రంగు వేశాడు. మాది దుంగల కొట్టు. ఎగువ కెనడాలో మా కూడలి దాకా అప్పటికి తెల్ల రంగు రాలేదు. జనం మా దగ్గర ఉప్పు తీసుకుంటూ కూడా అటే చూసేవాళ్ళు.

మా కొట్టు అంటే మా మామ ఆర్చీ గిల్‌క్రిస్ట్‌ది. నేను మర్డో, ఇల్లరికపు అల్లుణ్ణి. పీపాలు చేస్తాను. ముందు గది కొట్టు. వెనక గదుల్లో మామ, అత్త గ్రిజెల్, నా భార్య ఎఫీ, నేను. కింద నేలమాళిగ. దాని గోడను ఆనుకుని ఊట పారేది కాబట్టి నడి వేసవిలో కూడా అక్కడ చలేసేది. వెన్నంతా అక్కడే.

మా వైపు గోధుమ మగవాళ్ళది, వెన్న ఆడవాళ్ళది. ప్రతి శనివారం ఆడవాళ్ళు తడిగుడ్డల్లో వెన్నముద్దలు చుట్టి తెచ్చేవాళ్ళు. బదులుగా టీ, ఉప్పు, చీటిగుడ్డ, సూదులు పట్టుకెళ్ళేవాళ్ళు. ప్రతి ఇంటికీ ఒక కొయ్య అచ్చు ఉండేది. ఒకరిది నక్షత్రం, ఒకరిది ఆవు, ఒకరిది గోధుమ కంకి. మా అత్తది ముళ్ళపువ్వు. స్కాట్లాండ్ నుంచి ఓడలో వాళ్ళమ్మ తెచ్చిన అచ్చు అది. ముద్ద మీద అచ్చు చూస్తే అది ఎవరిదో తెలిసిపోయేది.

మామకు ఒక పద్ధతి ఉండేది. కొట్లో ఆయన గుడ్డ విప్పేవాడు కాదు. తూకం వేసి "బాగుందమ్మా" అనేవాడు. అందరికీ ఒకటే ధర. ఆ తర్వాత కిందికి తీసుకెళ్ళి అన్నిటినీ ఒకే తొట్టిలో కలిపి, ఉప్పు వేసి, నా పీపాల్లో కూరేవాడు. ఏడాదికి రెండు సార్లు బండి కట్టి సరస్సు రేవుకు తోలేవాళ్ళం. రేవులో బేరగాడు వెన్న తీసుకుని మా కొట్టుకు సరుకు ఇచ్చేవాడు.

కింద గుడ్డలు విప్పుతుంటే కొన్నిటి వాసనకు కళ్ళు మండేవి. ఒకసారి అడిగాను.

"చెడ్డదాన్ని చెడ్డదని చెప్పకూడదా మామా?"

"ఆడదాని వెన్నకి వంక పెట్టడమూ, దాని బిడ్డకి వంక పెట్టడమూ ఒకటే అల్లుడూ. పెట్టామనుకో, ఆవిడా రాదు, ఆవిడ అక్కా రాదు, తోడికోడలూ రాదు. కొట్టు మూసుకుని నువ్వూ నేనూ పేకాడుకోవాలి."

"అయితే అంతేనా?"

"అంతే. బాగుంది అంటే నోరేం అరిగిపోదు."

పెక్ పద్ధతి వేరు. అతను గుడ్డ విప్పుతాడట, బొటనవేలితో నొక్కుతాడట, రుచి చూసి రకం చెబుతాడట. ఒకటి, రెండు, మూడు. రకాన్ని బట్టి సరుకు. ఈ మాట ఊరంతా పాకింది. ఎవరికి వాళ్ళకి తమది ఏ రకమో తెలుసుకోవాలని ఉంది. అటు వెళ్ళే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. మూడో రకం అని ఒకసారి పైకి అన్నాక మళ్ళీ మింగలేడు కదా.

మొదట వెళ్ళింది హొనోరా టియర్నీ. చిత్తడి అవతల ఉండే ఐరిష్ విధవ. రెండు ఆవులు, చిన్న పొలం చెక్క, పిల్లలు లేరు. అంతవరకూ వెన్న మా దగ్గరికే తెచ్చేది. జూన్‌లో ఒక శనివారం మా గుమ్మం దాటుకుంటూ తల వంచుకుని అటు నడిచింది. మా కొట్లో ఉన్న ఆడవాళ్ళంతా కిటికీ దగ్గరికి చేరారు. నేను కూడా చేతిలో పని ఆపాను.

పెక్ వాకిట్లోనే బల్ల వేసుకుని కూర్చున్నాడు. గుడ్డ విప్పాడు. సగానికి చీల్చిన గొట్టం లాంటి ఉక్కు పుల్ల ఒకటి ముద్దలో గుచ్చి, తిప్పి, బయటికి లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొంచెం నాలిక మీద వేసుకుని ఆకాశం వైపు చూశాడు.

"ఏం చేస్తున్నాడే?"

"ప్రార్థన చేస్తున్నట్టున్నాడు."

"వెన్నకా?"

అంతలో అతని గొంతు దారి దాటి వినపడింది. "ఒకటో రకం."

హొనోరా బయటికొచ్చేసరికి చేతిలో గుడ్డ తాను మా దగ్గర దొరికేదానికన్నా పెద్దది. మా వాళ్ళు దాన్ని చూపులతోనే కొలిచారు. చివరికి మామ అక్క కిర్‌స్టీ అంది, "ఒకటుందంటే మూడూ ఉంటుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో చూడాలి."

"నీకేం భయం వదినా?" అంది మా అత్త.

"నాకెందుకు భయం. నా తమ్ముడి కొట్టు వదిలి నేను పోను. మీరు పోండి, నమ్మకం ఉన్నవాళ్ళు."

నమ్మకం ఉన్నవాళ్ళు నిజంగానే పోయారు. ఒక్కొక్కరుగా, ఒక్కో శనివారం. తమ వెన్న మీద అనుమానం ఉన్నవాళ్ళు మా దగ్గర మిగిలారు. కిర్‌స్టీ ఆవులు వసంతమంతా అడవి ఉల్లి మేసేవి. ఆమె ముద్దలో ఆ ఉల్లి కంపుతో పాటు ఆవు వెంట్రుకలు కూడా ఉండేవి. మామ తూకం వేసి "బాగుందక్కా" అనేవాడు. ఆమె పొంగిపోయి ఇంకో ముద్ద తెచ్చేది.

జూలైలో బండి కట్టాం. అడుగున దుంగలు పరిచిన దారి, ప్రతి దుంగకీ పీపాలు ఎగిరేవి. రేవులో బేరగాడు మొదటి పీపా మూత తీసి, వెంటనే పెట్టేశాడు. రెండోది తీసి వాసన చూశాడు. మామతో పాతికేళ్ళ పరిచయం ఉన్న మనిషి. గొంతు పెంచలేదు.

"ఆర్చీ, ఈసారికి సబ్బు కాచేవాళ్ళకి అమ్ముకుంటాను. శరత్తులో కూడా ఇదే తెస్తే బండిలోంచి దింపకు. నీకు టీ గానీ గుడ్డ గానీ నేను ఇవ్వలేను."

తిరుగు దారి పట్టాం. చలికాలం మొదలయ్యేలోగా కొట్లో సరుకు లేకపోతే కొట్టు ఉండదు. కొట్టు లేకపోతే ఇల్లూ లేదు, రెండూ ఒకటే కప్పు కింద ఉన్నాయి. అది నాకూ తెలుసు.

"మనం కూడా రకాలు పెడదాం మామా. మూడు పీపాలు వేరుగా చేస్తాను."

"పెట్టి? కిర్‌స్టీ మొహం మీద మూడు అని చెప్పమంటావా? నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి."

"మరి?"

"గుర్రాన్ని చూసి తోలు."

ఇంట్లో ఈ సంగతి మా అత్తకు చెప్పక తప్పలేదు. ఆమె విని, చేతులు తుడుచుకుని, తన ధోరణిలో తీర్పు చెప్పింది. "వీళ్ళకి చిలకడం రాదు. నా వెన్న చూసి నేర్చుకోమను. ఇరవై ఏళ్ళుగా మన బల్ల మీద ఏనాడైనా పులిసిందా?"

మామ సూప్ తాగుతున్నాడు. తాగుతూనే ఉన్నాడు.

నిజమే. మా బల్ల మీద వెన్న ఎప్పుడూ బాగుండేది. పసుపచ్చగా, గడ్డి పూల వాసనతో. అత్త చిలికి, ముళ్ళపువ్వు అచ్చు వేసి, నేలమాళిగ మెట్ల మీద పెట్టేది. మామ కిందికి తీసుకెళ్ళేవాడు, తినడానికి కావలసినప్పుడు పైకి తెచ్చేవాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల అత్త ఆ మెట్లు దిగేది కాదు.

ఆగస్టులో ఒక ఉదయం ఆమె నన్ను పాల గదిలోకి పిలిచింది. అప్పుడే చిలికిన ముద్ద ఒకటి, అచ్చు వేయనిది, మామూలు గుడ్డలో చుట్టి ఉంది.

"అల్లుడూ, ఇది పట్టుకెళ్ళి ఆ యాంకీకి చూపించు. మనదని చెప్పకు."

"ఎందుకత్తా?"

"ఎందుకేంటి. ఒకటో రకమని వాడి నోటితో అనిపించి, అప్పుడు వీళ్ళందరికీ చెబుతాను, గ్రిజెల్ వెన్న మా కొట్లోనే దొరుకుతుంది రండి అని."

ఆమె కళ్ళలో కొట్టు మీద దిగులుంది. దానికన్నా ఎక్కువగా వినాలన్న ఆత్రం ఉంది. నేను వెళ్ళాను.

పెక్ గుడ్డ విప్పి బొటనవేలితో నొక్కాడు. పక్క నుంచి తెల్లటి నీరు చుక్కలుగా వచ్చింది. నాకు చూపించాడు.

"చూశావా, మజ్జిగ. ఇది కడగలేదు. ఇవాళ తింటే తియ్యగానే ఉంటుంది. చిలికిన రోజు ఎవరిదైనా బాగుంటుంది. వారం పోనీ, పులిసిపోతుంది. మూడు." కొంచెం ఆగి అడిగాడు, "ఎవరిది?"

"తెలిసినవాళ్ళది."

"ఆవులు మంచివి. నీళ్ళతో కడగమని చెప్పు, నీళ్ళు తేటగా వచ్చేదాకా."

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. నాకు మాటలు చుట్టడం రాదు.

"మూడన్నాడు."

"ఏం మూడు?"

"మూడో రకం. మజ్జిగ ఉండిపోయిందట."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపం రాలేదు, నవ్వింది. "వాడికి నాలికైనా ఉండాలి, మోసమైనా ఉండాలి. ఎఫీ, బల్ల మీదున్న వెన్నగిన్నె ఇలా తే. నేనే వెళ్తాను. నువ్వు కూడా రా మర్డో, సాక్షిగా."

ఆ గిన్నెలో సగం తిన్న ముద్ద. మీద ముళ్ళపువ్వులో ఇంకా సగం మిగిలి ఉంది. ఆమె శాలువా కప్పుకుని, అప్పటికప్పుడే దారి దాటి, ఎదురు కొట్టు మెట్లెక్కింది. లోపల ఇంకెవరూ లేరు.

"బాబూ, ఇది రుచి చూసి చెప్పండి."

పెక్ లేచి నిలబడ్డాడు. "మీరు గిల్‌క్రిస్ట్ గారి..."

"అవును. చూడండి."

పుల్ల గుచ్చాడు. నాలిక మీద వేసుకున్నాడు. ఈసారి ఆకాశం వైపు చూడలేదు. ముళ్ళపువ్వు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు.

"ఒకటో రకమమ్మా. ఇందులో సందేహం లేదు."

అత్త నా వైపు తిరిగింది, విన్నావా అన్నట్టు.

"ఇలాంటిది ఈ చుట్టుపక్కల ఒక్కరే చేస్తారు," అన్నాడు పెక్. "టియర్నీ వాళ్ళు."

"ఇది నాది. అచ్చు కనపడటం లేదా?"

"అచ్చు మీదే."

"మరి?"

అతను పుల్లను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని చాలాసేపు తుడిచాడు. "అమ్మా, నేను కొత్తగా వచ్చినవాణ్ణి. ఇరుగుపొరుగుతో తగువు పెట్టుకోను. హొనోరా వెన్నలో ఒక ముద్ద ప్రతి శనివారం సాయంత్రం నా వెనక తలుపు దగ్గర అమ్ముడుపోతుంది. అంతవరకే చెప్పగలను."

"ఎవరు కొంటారు?"

అతను తల తిప్పి బయటికి చూశాడు. కిటికీలోంచి మా కొట్టు కనపడుతోంది. మామ వాకిలి ఊడుస్తున్నాడు.

అత్త గిన్నె తీసుకుంది. "మంచిది బాబూ," అంది. దారి దాటేటప్పుడు ఒక బండి వస్తుంటే ఆగింది. బండి వెళ్ళిపోయాక కూడా కొంచెంసేపు అక్కడే నిలబడింది.

ఆ మధ్యాహ్నం భోజనానికి బల్ల మీద రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకదాన్లో ముళ్ళపువ్వు ఉన్నది. ఇంకోదాన్లో పెక్ దగ్గరికి నేను తీసుకెళ్ళిన ముద్ద.

"ఇందులో నాది ఏదయ్యా?"

మామ ఒక గిన్నె చూశాడు, ఇంకోటి చూశాడు. లేచి కిందికి వెళ్ళాడు. వచ్చి చేతిలోది బల్ల మీద పెట్టాడు. ముళ్ళపువ్వు అచ్చు. అత్త అచ్చు పాల గదిలో మేకుకు వేలాడుతోంది. ఇది రెండోది. మేపుల్ చెక్కతో నేను చెక్కిందే. నేను ఆ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం, పాతది విరిగిందని చెప్పి చేయించుకున్నాడు. ఏ పాతదో నేను అడగలేదు.

"ఎప్పటి నుంచి?" అంది అత్త.

"హొనోరా మన దగ్గరికి వెన్న తేవడం మొదలెట్టినప్పటి నుంచి. ఆమె ముద్ద మీద ఈ అచ్చు వేసి పైకి తెచ్చేవాణ్ణి. అంతకు ముందు ఇంకొకావిడది."

"అంటే నాది ఎప్పుడూ తినలేదా నువ్వు?"

"పెళ్ళైన కొత్తలో తిన్నాను."

"అప్పుడు బాగుందన్నావు."

"అన్నాను. అని ఇరుక్కుపోయాను."

ఎఫీ లేచి వెళ్ళబోయింది. అత్త కూర్చోమంది.

"ఇన్నేళ్ళూ నా వెన్న ఏం చేశావు?"

"పీపాలో వేశాను. అందరిదాంతో పాటు." మామ గొంతు తగ్గింది. "చలికాలం నీ వేళ్ళు పగిలేవి గ్రిజెల్. ఆ చేతులతో చిలికి తెచ్చి నా మొహం వంక చూసేదానివి. నేనేమనను?"

"మూడు అనాల్సింది. అంటే అప్పుడే నేర్చుకునేదాన్ని. చేతులైతే ఎలాగూ పగిలాయి."

ఆమె ఏడవలేదు, అరవలేదు. తన వెన్న రొట్టెకు రాసుకుని తింది. తింటూ ఆలోచిస్తోంది. అంత పరీక్షగా ఆమె ఏదైనా తినడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ వారమంతా వాళ్ళిద్దరి మధ్యా మాటలు లేవు. నాతో మాత్రం అంది, "మూడు పీపాలు వేరుగా చెయ్యి. శనివారానికి కావాలి." ఎఫీ వాటి మీద మసితో అంకెలు వేసింది.

శనివారం మా కొట్లో మామూలు జనమే. అనుమానస్తులు. కిర్‌స్టీ ముందు వరసలో ఉంది. పీపాలు చూసి అందరూ గుసగుసలాడారు. ఒకావిడ అప్పుడే గుడ్డ మూట చంకలో దాచుకుని తలుపు వైపు జరిగింది. మామ తక్కెడ పట్టుకుని గోడలా నిలబడ్డాడు. ఆ రోజు ఆయన నోరు తెరిస్తే కొట్టు నిలుస్తుందో, ఉన్న నలుగురూ కూడా పోతారో ఆయనకే తెలియదు.

అత్త లోపల్నుంచి వచ్చింది. ఆడవాళ్ళతో పాటు బల్లకు ఇవతలి పక్క నిలబడింది. వారం క్రితం చిలికిన తన ముద్ద, ముళ్ళపువ్వు అచ్చుతో, మామ ముందు పెట్టి గుడ్డ విప్పింది.

"రకం చెప్పు."

మామ తక్కెడ పళ్ళాలు సరిచేశాడు.

"వీళ్ళంతా ఇంటికి పోవాలి. పాలు పితికే వేళవుతోంది. చెప్పు."

ఆయన చాకు మొనతో కొంచెం తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఇరవై ఏళ్ళ నుంచి వాడుతున్న మాట పెదాల దాకా వచ్చింది, కనపడింది నాకు. దాన్ని మింగాడు.

"మూడు," అన్నాడు.

అత్త బల్ల మీదికి వంగింది.

"ఎందుకు మూడు?"

"మజ్జిగ కడగలేదు. పులిసింది."

"ఏ పీపా?"

"ఆ చివరిది."

ఆమె ముద్దను రెండు చేతులతో ఎత్తి మూడో పీపాలో వేసింది. చేతులు తుడుచుకుంటూ కిర్‌స్టీ వైపు తిరిగింది. "మీదిటివ్వండి వదినా."

కిర్‌స్టీ గుడ్డ మూటను గుండెకు అదుముకుంది. "కొట్టువాడి పెళ్ళానివి, నీదే మూడైతే నాదేంటే?"

"చూద్దాం. నాకూ తెలుసుకోవాలనుంది."

కిర్‌స్టీ ఇచ్చింది. మామ రుచి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పరా తమ్ముడూ. నిన్ను ఎత్తుకుని తిప్పాను కదా, దానికోసమేం తగ్గించకు."

"అక్కా, ఇందులో ఉల్లి ఉంది."

"ఉల్లేగా."

"వెంట్రుకలు కూడా."

కిర్‌స్టీ నా వైపు తిరిగింది. "అల్లుడూ, నాలుగో పీపా చేశావా?"

ముందు అత్త నవ్వింది. తర్వాత తలుపు దగ్గరున్నావిడ. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. చంకలో దాచిన మూటలన్నీ బల్ల మీదికి వచ్చాయి. రకం వినగానే ఎందుకని అడగడం మొదలైంది. ఎందుకో మామకు తెలుసు. నోరు మూసుకుని ఇరవై ఏళ్ళు అందరి వెన్నా చూసిన మనిషి. ఒకరికి మీగడ పాతదన్నాడు, ఒకరికి ఉప్పు గడ్డలుగా ఉందన్నాడు, ఒకరికి తొట్టి ఎండలో పెట్టమన్నాడు. ఆ రోజు ఆయన అంత మాట్లాడటం చూసి ఎఫీ నోరు తెరిచి ఉండిపోయింది.

ఆ తర్వాతి వారం అత్త చిత్తడి దాటి హొనోరా ఇంటికి వెళ్ళింది. నేను బండి తోలాను. మా ప్రెస్‌బిటీరియన్ చర్చి వాళ్ళు ఐరిష్ కాథలిక్కుల గడపలోకి అంతవరకు వెళ్ళలేదు. హొనోరా గుమ్మంలో బిత్తరపోయి నిలబడింది.

"ఏం కావాలమ్మా?"

"కడగడం చూపించు."

హొనోరా చొక్కా చేతులు మోచేతుల దాకా పైకి మడిచింది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఊట దగ్గర వంగి ఉన్నారు. తెల్లనీళ్ళు పోయాయి, పల్చనయ్యాయి, చివరికి రాళ్ళు కనపడ్డాయి.

హొనోరా ఆ తర్వాత ఒక శనివారం మా దగ్గరికి, ఒక శనివారం పెక్ దగ్గరికి వచ్చేది. మిగతావాళ్ళు కూడా అలాగే. మామ మాట పెక్ మాటతో కలిసిందా లేదా అని చూడటం వాళ్ళకు సరదా. ఎక్కువసార్లు కలిసేది. అక్టోబరులో బండి కట్టాం. రేవు బేరగాడు మొదటి పీపా మూత తీసి, వేలితో తీసి నాకి, మనుషుల్ని పిలిచి పీపాలు దింపించాడు. మేం టీ, ఉప్పు, గుడ్డ, మేకులు వేసుకుని మంచు పడకముందే ఇల్లు చేరాం.

ఆవులు వట్టిపోయే ముందు అత్త ఆఖరి ముద్ద చిలికింది. వారం ఉంచి, కొట్లో ఎవరూ లేని వేళ మామ ముందు పెట్టింది. ఆయన చాకు తుడుచుకుని రుచి చూశాడు.

"రెండు."

"ఒకటి అనకూడదూ. ఎవరూ లేరుగా."

"రెండే."

ఆమె దాన్ని పీపాలో వేయనివ్వలేదు. రాత్రి భోజనానికి బల్ల మీద పెట్టింది. నలుగురం రొట్టెకు రాసుకుని తిన్నాం.

"కొంచెం పులుపుంది," అంది అత్త.

"ఉంది," అన్నాడు మామ. ఇంకో ముక్క కోసుకున్నాడు.